ఇటు చూడు బావా

ఆ వీధిలో ఎవరు ఎలా నవ్వుతారో ఫొటో మాస్టారికి తెలిసినంతగా వాళ్ల కన్నతల్లులకు కూడా తెలియదు. ఇరవై ఏళ్లుగా మెడలో కెమెరాతో తిరిగాడు. మిల్లు సైరనుకు పరుగెత్తే ఆడవాళ్లు, చెప్పులు కుట్టేవాడి మధ్యాహ్నపు కునుకు, మిల్లు గోడ పక్కన లేస్తున్న అద్దాల మేడ, అన్నీ తీసి తన దుకాణం అద్దంలో అంటించేవాడు. జనం ఆగి తమను తాము చూసుకుని మురిసిపోయేవారు.

ఆ అద్దంలోని ఒక ఫొటోనే పోలీసులు ఊడబెరుక్కుపోయారు.

మిల్లు పడగొట్టడానికి కాంట్రాక్టరు యంత్రాలు తెచ్చిన రోజు తీసిన ఫొటో అది. పని పోతే బతుకు పోయినట్టేనని నాలుగు వందల మంది గేటుకు అడ్డం నిలబడ్డారు. అందరూ యంత్రాలవైపే చూస్తున్నారు. కెమెరాకు వీపులే దొరికాయి. ఒక్క ముఖమైనా లేనిదే ఫొటోకు ప్రాణం రాదని మాస్టారి పిచ్చి. "బావా, ఇటు చూడు!" అని కేకేశాడు. వరసకు బావయ్యే మిల్లు ఫిట్టరు వెనక్కి తిరిగి పళ్లన్నీ బయటపెట్టి నవ్వాడు.

ఎస్సై ఆ నవ్వు చుట్టూ ఎర్రసిరాతో సున్నా చుట్టాడు. నాలుగో రోజున స్టేషన్ నుంచి ఫిట్టరు శవం ఇంటికొచ్చింది. గుండె ఆగిందని కాగితం రాసిచ్చారు. ఒంటిమీది వాతల గురించి అందులో ఒక్క ముక్క లేదు.

మాస్టారు కెమెరాను బీరువాలో పెట్టి తాళం వేశాడు. ఏం లాభం? అద్దంలో ఖాళీ అయిన చోట ఆ నవ్వే కనిపించేది. వీధిలో ఎవరు "బావా" అన్నా ఒళ్లు జల్లుమనేది. కొట్టి చంపింది వాళ్లే, పట్టిచ్చింది మాత్రం నా నోరేనని కుమిలిపోయాడు.

రెండు వారాలకు ఫిట్టరు భార్య వచ్చింది. వెనకే పదిమంది కార్మికులు.

"అన్నయ్యా, కెమెరా తియ్యి. రేపు యంత్రాలు మళ్లీ వస్తున్నాయి."

"ఇంకొకణ్ణి పట్టియ్యమంటావా తల్లీ?"

"నేనూ అదే మొత్తుకుంటున్నా," అంది మిల్లులో నూలు వడికే ముసలామె. "ఫొటో వద్దు, గిటో వద్దు. మొహాలకు గుడ్డలు కట్టుకుందాం."

"ఎందుకు? దొంగతనం చేశామా?" దూది బేళ్లు మోసే కూలీ కస్సుమన్నాడు.

"చేశావో లేదో స్టేషన్లో అడుగుతార్రా, వీపు సిద్ధం చేసుకో!"

ఫిట్టరు భార్య ఇద్దర్నీ ఆపింది. "మా ఆయన పోయింది ఫొటో తీసినందుక్కాదు. అంతమందిలో వెనక్కి తిరిగింది ఆయనొక్కడే, అందుకు పోయాడు. అన్నయ్యా, ఈసారి అందర్నీ పిలువు."

ముసలామె మొహానికి కట్టుకుందామని తెచ్చిన గుడ్డ తీసి నడుముకు చుట్టుకుంది.

మర్నాడు మాస్టారు గేటు ఎదుట బల్ల ఎక్కాడు. మళ్లీ అవే వీపులు. పిలిస్తే చచ్చిపోయినవాడు కూడా వింటాడేమోనని భయం వేసింది.

"ఇటు చూడండి!"

మొదట ఫిట్టరు భార్య తిరిగింది. తర్వాత ముసలామె, కూలీ, ఆ తర్వాత నాలుగు వందల మందీ. వెనక యంత్రాలు గుర్రుమంటున్నా ఎవరూ నవ్వలేదు, ఎవరూ బెదరలేదు. ఫిట్టరు భార్య పక్కన ఒక మనిషి పట్టేంత చోటు ఖాళీగా వదిలారు.

సాయంత్రానికి ఫొటో అద్దంలోకి ఎక్కింది. పొద్దున్నే ఎస్సై ఎర్ర కలంతో దిగాడు. ఎంత వెతికినా ఎవరి చుట్టూ సున్నా చుట్టాలో తేలలేదు.

"చుట్టండి సార్," అంది ఫిట్టరు భార్య. ఆమె వెనక వీధి నిండిపోయి ఉంది. "సిరా చాలకపోతే మేం తెస్తాం."

మాస్టారు కెమెరా ఎత్తాడు.

"సార్, ఇటు చూడండి."

ఎస్సై తిరిగాడు. కెమెరా చూసి, టోపీ తీసి ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు.