నీడకు బెదరని చేపలు

ఇసోబే తొట్టి మీదికి వంగి మేత చల్లుతుంటే చేపలన్నీ అతని నీడ కిందికి చేరాయి. గోరంత చేపలు. గాజుముక్కల్లాంటి ఒళ్లు, తలమీద ఎముక కప్పు కూడా లేదు. బెదిరినా, ఆకలేసినా మెదడులో ఆయా చోట్లు వెలిగేటట్టు పుట్టించారు వాటిని. ఆ వెలుగుల్ని పై అంతస్తులో యంత్రం కింద చూసి పటాలు గీస్తారు.

మేత తెర వెనక నుంచి గొట్టంతో వెయ్యాలి. ఇసోబే తెర జరిపేసేవాడు. భార్య పోయాక అతన్ని చూసి ఎదురొచ్చే ప్రాణులు ఇవే మరి.

పరిశోధన చేసే నిషివాకి, అందరూ సెన్సే, అంటే గురువుగారూ అని పిలిచే ఆవిడ, మధ్యాహ్నం నివాళికని వేసుకున్న నల్లకోటులో కిందికి దిగివచ్చింది.

“ఇసోబే గారూ, ఈ తొట్టిలోవి నీడ చూపిస్తే బెదరడం లేదండీ. భయం వెలగాల్సిన చోట చీకటి, ఆకలి చోట వెలుగు. తెర తీసి మేత వేస్తున్నారా?”

“వేస్తున్నాను, సెన్సే.”

“అయ్యో! ఇంక పనికిరావు. సాయంత్రం మంచునీళ్లలో వేసెయ్యండి.”

“బల్ల కింద ఓ మూల పెట్టుకుంటాను. పోయేదాకా. ఎవరికీ అడ్డం రావు.”

“ఊరికే ఉంచనివ్వరు, గేటూ దాటనివ్వరు. నాకు మాత్రం సరదానా?”

మధ్యాహ్నం భవనం వెనక రాతి దగ్గర, ప్రయోగాల్లో పోయిన ప్రాణులకు ఏటా పెట్టే నివాళి. నల్లకోట్లు వరసగా తెల్ల చామంతులుంచి తలలు వంచాయి. పొద్దున్న చంపమన్న నోరే మధ్యాహ్నం క్షమించమంటుంది. ఇసోబే రబ్బరు బూట్లతో చివర నిలబడ్డాడు. పక్కనున్న, ఎలుకల బోన్లు కడిగే కురిమోతో అనే అతను మోచేత్తో పొడిచాడు.

“కళ్లలో ఆ నీళ్లేంటోయ్?”

“పొగ.”

“ఊదొత్తులు ఇంకా వెలిగించందే?”



సాయంత్రం ఇసోబే బకెట్లో మంచు పోసి, వల పట్టుకుని తొట్టి మీదికి వంగాడు. పారిపోతాయేమోనని చూశాడు. ఒక్కటైనా పారిపోతే బాగుండుననుకున్నాడు. అన్నీ నీడ కిందికి వచ్చి నోళ్లు తెరిచాయి. వెంటాడే పనే లేకపోయింది. ఒక్కసారి ముంచగానే వలలోకి వచ్చేశాయి.

చల్లటి నీళ్లలో అవి మెల్లగా తెల్లబడ్డాయి. బతికినన్నాళ్లూ కనీకనపడకుండా తిరిగిన ఒళ్లు అప్పుడు స్పష్టంగా కనిపించాయి.

తొట్టి కడిగి బోర్లించాడు. తాళంచెవి గేటు దగ్గర కాపలా మనిషికిచ్చాడు.

“రేపట్నుంచి రాను.”

“ఒంట్లో బాలేదా?”

“బానే ఉంది.”

మర్నాడు కొత్త మనిషి వచ్చి, తెర మూసి, గొట్టం బిగించింది. కుళాయి మీద ఇసోబే ఆరేసి వదిలేసిన రబ్బరు చేతితొడుగులు లోపల చేతులు లేకపోయినా ఇంకా వంగిన వేళ్లతోనే ఉన్నాయి.