సాంబ్రాణి పుట

సలెర్నో పట్నంలో కొండ వాలున ఉన్న లాండోల్ఫో ఇంట్లో పొద్దున్నే జరిగే మొదటి పని పుస్తకం దులపడం. ఆయన బొమ్మలు వేస్తున్న మందుల పుస్తకాన్ని భార్య అల్త్రూద దుప్పటి మీద పెట్టి, పుట పుటా తిప్పి రెండు తట్లు తట్టేది. బోళం చెట్టు పుటలోంచి జిగురు ముక్కలు రాలేవి. ఉప్పుగని పుటలోంచి చారెడు ఉప్పు రాలేది. ఇనుము పుట మాత్రం వట్టి తుప్పు. అది తుడవలేక ఆమె ప్రాణం విసిగిపోయేది.

మొక్కకైతే ఆకూ పువ్వూ గీస్తే ఎవరైనా పోల్చుకుంటారు. రాయికీ జిగురుకీ ఏం గీస్తారు? అన్నీ గడ్డలే. అందుకని పక్కన ఒక మనిషిని గీయడం ఆ పనివాళ్ళ పద్ధతి. గునపంతో తవ్వుతూ ఒకడు, చెట్టుకి గాటు పెట్టి గిన్నె పట్టుకుని ఇంకొకడు. గీసిన మనిషి ఊరికే కూర్చోడు కదా, పని చేస్తాడు. కాబట్టి బతికున్నవాళ్ళ పోలిక రానివ్వకూడదు. అమాల్ఫీలో ఒకాయన పరాకున తన బావమరిది పోలికతో గంధకం తవ్వేవాణ్ణి గీశాడు. బావమరిది ఆ పూట భోజనానికి రాలేదు. ఇరవై ఏళ్ళయినా ఆ పుటలో ఇంకా తవ్వుతూనే ఉన్నాడు. ఒంట్లో జబ్బు మాత్రం లేదట.

లాండోల్ఫో కొంప ముంచింది హరిదళం. ఆ విషపు పసుపు రాయిని గీయాలంటే ఆ రాయినే నూరి రంగు కలపాలి. కుంచె మొన తేలాలంటే పెదాలతో తడపాలి. ముప్పై ఏళ్ళు తడిపాడు. వద్దని అల్త్రూద పోరితే, "రుచి అలవాటైపోయిందే, నీ వంటలాగే" అనేవాడు. ఆ వేసవిలో అరచేతులు మొద్దుబారాయి, తిన్నది ఇమడలేదు, కాళ్ళు పడిపోయి మంచం పట్టాడు.

పుస్తకం చేయిస్తున్న వైద్యుడు గ్వాల్దో వచ్చి నాడి చూసి, ఆమెను వాకిట్లోకి పిలిచాడు.

"పునీత మత్తయి పండగ దాకా ఉండడమ్మా."

"మీరు పుస్తకం పట్టుకెళ్ళేది ఆ పండక్కే కదండీ?"

"అవును, పలెర్మో ఓడ అప్పుడే. సాంబ్రాణి పుట ఒక్కటే మిగిలింది. మొక్కల పుటల్లో ఆకులు గీసింది నువ్వేనని నాకు తెలుసులే. ఇదీ నువ్వే పూర్తి చెయ్యి."

ఆమె లోపలికి వచ్చేసరికి లాండోల్ఫో కళ్ళు తెరిచే ఉన్నాడు. అంతా విన్నాడు.

"ఆ గిన్నెవాడిగా నన్ను గీసెయ్" అన్నాడు. "నలభైసార్లు గీశాను ఆ చెట్టుని. ఒక్కసారీ చూడలేదు."

"అటు వెళ్తే మళ్ళీ రారు కదండీ."

"ఇక్కడుంటే మాత్రం ఎన్నాళ్ళుంటాను?"

"ఇక్కడ పోతే సమాధైనా దగ్గరుంటుంది. ఆదివారం ఆదివారం వెళ్ళి కూర్చుంటాను. ఆ పుస్తకం మనదా? సముద్రం దాటిపోతుంది."

ఆమె మూడు రోజులు కుంచె ముట్టలేదు. తను చేస్తున్నది స్వార్థమని తెలుసు, తెలిసే చేసింది. నాలుగో రోజు ఆయనకి నీళ్ళు కూడా గొంతు దిగలేదు. ఆమె కుంచె తీసుకుని మంచం పక్కన కూర్చుంది.

"మొహం ఎటు పెట్టను?"

"చెట్టు వైపే. పనిచేసేవాడు దిక్కులు చూస్తూ నిలబడితే బాగుండదు."

వెనక నుంచి మనిషిని పోలికతో గీయడం మాటలు కాదు. కానీ ఆయన ముప్పై ఏళ్ళు బల్లకి వంగి పనిచేస్తుంటే, ఆమె చూసిందంతా ఆ వీపే. కుంగిన ఎడమ భుజం, చెవి వెనక మచ్చ, మెడ మీద ఎప్పుడూ చిక్కుపడే జుట్టు. ఒక్కటీ మరిచిపోలేదు. ఏడుపొచ్చింది, ఏడుస్తూనే గీసింది. కాళ్ళు నిటారుగా, బలంగా పెట్టింది. మడమ దగ్గర ఆఖరి గీత గీసి తలెత్తేసరికి మంచం ఖాళీగా ఉంది. దిండు మీద గుంట ఇంకా పోలేదు.

పండగనాడు గ్వాల్దో వచ్చి పుస్తకం తిరగేశాడు. సాంబ్రాణి పుట దగ్గర ఆగి, ఖాళీ మంచం వైపు చూసి, టోపీ తీశాడు.

"అప్పుడే గిన్నె నిండా జిగురు పట్టాడే" అన్నాడు.

"పనిలో పడితే తిండి ధ్యాస ఉండదండీ ఆయనకి. మధ్యమధ్యలో ఆ పుట తెరిచి కాస్త ఎండ చూపించమని అక్కడివాళ్ళకి చెప్పండి. చలికి ఆగలేరు."

"చెబితే మరిచిపోతారు. రాసి పెడతాను." గ్వాల్దో కలం తీసి, సాంబ్రాణి దగ్గుకి మంచిది, పుండు మానుస్తుంది అని ఉన్నదాని కింద ఆ మాట రాశాడు. "ఇంకేమైనా రాయనా?"

అల్త్రూద తలగుడ్డ అంచుతో ముక్కు తుడుచుకుంది.

"నేను వేళకి తింటున్నానని రాయండి. ఆయనకి చదువొచ్చు."

అతను బొమ్మకి ఇవతల, ఖాళీగా ఉన్న అంచున కలం ఆనించాడు. ఆమె చెయ్యి పట్టుకుని ఆపింది.

"ఇక్కడ కాదండీ. చెట్టుకి అవతల రాయండి. ఆయన చూసేది అటే."