సలోమి ఇంటి తాళంకప్ప

నేను ఒక తాళంకప్పను. పైకి ఇత్తడిలా మెరుస్తాను గాని లోపలంతా ఇనుమే. నా వీపున ‘ఆరు లివర్లు’ అని అక్షరాలు పొడిచి ఉంటాయి. నన్ను చేసిన కార్ఖానాలో ఆ పూట లివర్లు, అదే లోపల తాళాన్ని పట్టి ఉంచే మీటలు, తక్కువ పడ్డాయి. నాలుగు పెట్టి మూత బిగించేశారు. అక్షరాలు అప్పటికే పొడిచేశారు కాబట్టి ఆరు ఆరుగానే ఉండిపోయింది. పుట్టుకతోనే అబద్ధం మోస్తున్నదాన్ని, మనుషులకు వంకలు పెట్టే నోరు నాకెక్కడిది? అయినా ఒక్కసారి చెప్పుకోవాలని ఉంది.

మొదట నన్నొక సోడాకొట్టు ఆసామి కొన్నాడు. కొట్టు కట్టేసేటప్పుడు నన్ను వేసి మూడుసార్లు లాగి చూసేవాడు. నాలుగడుగులు వేసి, మళ్లీ వెనక్కి వచ్చి ఇంకోసారి లాగేవాడు. మనుషులకు తాళం మీదా నమ్మకం ఉండదు, తమ చేతి మీదా ఉండదు. ముసలితనంలో కొట్టు ఎత్తేస్తూ నన్ను దానియేలు చేతిలో పెట్టాడు. దానియేలు గూడ్సుషెడ్డులో బస్తాలు మోసే కళాసీ. రైలుకట్ట అవతల బొగ్గులదిబ్బలో అప్పుడే ఒంటిగది ఇల్లు కట్టుకుని, కొత్త పెళ్లాం సలోమిని తెచ్చుకున్నాడు.

బొగ్గులదిబ్బ అంటే ఊళ్లో ఆటోవాళ్లు కూడా కట్ట ఇవతలే దింపేసేవాళ్లు. ఏ పూట ఎవరు ఎవరి తల పగలగొడతారో తెలియదు. పోలీసు జీపు వస్తే పిల్లలు పెళ్లిబస్సు వచ్చినట్టు వెంట పరిగెత్తేవాళ్లు. అలాగని అంతా చెడ్డ అనడానికీ నోరు రాదు. షెడ్డులో బస్తాల నెట్టు కూలి దానియేలు నలిగిపోతే, భుజాన వేసుకుని ఆసుపత్రికి పరిగెత్తింది ఆ పేట రౌడీ గంగరాజే. దానియేలు దక్కలేదు. పోయాక పెట్టిన ఆదరణ కూడికకు షామియానా వేయించిందీ గంగరాజే. ఆ పేటలో మంచినీ చెడునీ బియ్యంలో రాళ్లలా ఏరి పక్కన పెట్టలేం.

సలోమి ఆసుపత్రిలో ఆయాగా చేరింది. కూతురు రూతుకు అప్పటికి ఎనిమిదేళ్లు. ఎండాకాలం ఒంటిపూట బడులు పెట్టగానే ఆమెకు దిగులు పట్టుకునేది. మధ్యాహ్నం పరుగున వచ్చి, పిల్లకు అన్నం పెట్టి, లోపల ఉంచి, బయట గొళ్లానికి నన్ను వేసి మళ్లీ డ్యూటీకి పోయేది. పిల్లను పెట్టి తాళం వేయడం ఆ పేటలో తప్పు కాదు. తాళం వేయని తల్లినే అందరూ ఆడిపోసుకునేవాళ్లు.

“దేవుడి తర్వాత నువ్వే దిక్కు” అనేది సలోమి నన్ను లాగి చూస్తూ. ఆ మాటకు నా నాలుగు లివర్లూ సిగ్గుపడేవి.

తలుపుచెక్క ఒకటి విరిగి, గొళ్లెం పక్కన బెత్తెడు సందు ఉండేది. ఒక మధ్యాహ్నం ఆ సందులోంచి చిన్న చెయ్యి బయటికి వచ్చింది. చేతిలో జడపిన్ను. అటూ ఇటూ రెండు తిప్పులు తిప్పేసరికి నేను తెరుచుకున్నాను. ఆరున్నా తెరుచుకునేదాన్నేమో, ఆ సంగతి నాకు తెలియదు. రూతు బయటికి వచ్చి, గొళ్లెం పెట్టి నన్ను బుద్ధిగా నొక్కి వెళ్లింది. తల్లి వచ్చే వేళకు ముందే తిరిగొచ్చి, పిన్నుతో తీసి లోపలికి దూరి, సందులోంచే మళ్లీ నొక్కింది. ఇలా పదిహేను రోజులు. సలోమి సాయంత్రం వచ్చి చూసేసరికి నేను వేసినట్టే ఉండేదాన్ని. అంతకంటే పెద్ద అబద్ధం నా బతుకులో మరొకటి లేదు.

ఒకరోజు ఆసుపత్రిలో వార్డు ఖాళీ అయిందని సలోమిని పెందలాడే పంపేశారు. చేతిలో పిల్లకు కొన్న పుచ్చకాయ ముక్క ఉంది. నన్ను తీసి తలుపు తోసింది. ఇంట్లో ఎవరూ లేరు. మంచం కింద చూసింది, బియ్యం డబ్బా వెనక చూసింది. మళ్లీ వచ్చి నన్ను చేతిలోకి తీసుకుని తిప్పి తిప్పి చూసింది. నొక్కి లాగి చూసింది, నేను ఊడి రాలేదు. వేసిన తాళం వేసినట్టే ఉండి లోపల పిల్ల లేకపోవడం ఎంత భయమో, ఆ చేతిలో ఉండగా నాకు తెలిసింది.

గడప మీద కూలబడి ఉండగా రూతు వచ్చింది.

“ఎక్కడికెళ్లావే?”

“గంగరాజు బాబాయి సంచీ ఇచ్చి రమ్మంటే ఇచ్చొచ్చా. రోజూ బిస్కెట్లిస్తాడు. నేనైతే పోలీసోళ్లు చూడరంటమ్మా.”

ఆ సంచుల్లో ఉండేది గంజాయి పొట్లాలని పేటలో తెలియనిది ఆ పిల్లకే. సలోమి కొట్టలేదు. పుచ్చకాయ ముక్క పిల్ల చేతిలో పెట్టి, అది తిన్నంతసేపూ చూస్తూ కూర్చుంది.

వారం తిరక్కుండానే, తెలిసిన నర్సమ్మ చెప్పిన చోటికి కబురు పంపింది. కాలవగట్టున చిన్న ఊరు, ఆడపిల్లల హాస్టల్లో ఆయా పని, వెనకవైపు ఒక గది. దానియేలు కట్టిన గోడలు వదిలి పోవడం ఆమెకు తేలిక కాలేదు. సామాను ఎక్కించే ముందు గోడకు చెంప ఆనించి ఏడ్చింది. గంగరాజే వచ్చి ట్రంకుపెట్టె కట్ట దాటించి ఆటోలోకి ఎత్తాడు.

“అన్న కూతుర్ని నేను చూసుకోనా వదినా?” అన్నాడు. అతని గొంతులో నిజంగానే బాధ ఉంది.

“ఇన్నాళ్లూ చూసుకున్నావు గదయ్యా. ఇక నేను చూసుకుంటాలే” అంది సలోమి.

ఖాళీ ఇంటికి తాళం వేయలేదు. నన్ను ట్రంకుపెట్టెలో పడేసింది.

కొత్త గదిలో మొదటి రోజు మధ్యాహ్నం, సలోమి హాస్టలు వంటింటి వైపు వెళ్లబోతుంటే రూతు మంచం ఎక్కి మోకాళ్లు ముడుచుకుని కూర్చుంది. తలుపు తీసే ఉంది. పిల్ల కదల్లేదు.

“తాళం వెయ్యవా అమ్మా?”

సలోమి వెనక్కి తిరిగింది. వచ్చి పిల్ల పక్కనే కూర్చుంది. ఆ పూట పనికి ఆలస్యమై వార్డెనమ్మ చేత చీవాట్లు తింది. నేను మూత తెరిచిన ట్రంకులో ఉండి అంతా చూశాను, విన్నాను. పిన్నుతో తెరిచినప్పుడు కలగని అవమానం నాకు ఆ పూట కలిగింది. కాపలా కాశాననుకున్నాను. ఆ పిల్లకు నేను నేర్పింది ముడుచుకుని కూర్చోవడం, లేకపోతే దొంగతనంగా దూరిపోవడం, ఆ రెండే.

గడప దాటడానికి రూతుకు నెల పట్టింది. మొదట అరుగు దాకా, తర్వాత చేతిపంపు దాకా, ఆపైన హాస్టలు పిల్లలతో కాలవగట్టు దాకా వెళ్లింది.

మొన్న పాత ఇనుముకు ఉల్లిపాయలిచ్చేవాడు వస్తే సలోమి చిల్లుపడ్డ బాణలితో పాటు నన్నూ వేసింది. “తాళంచెవి ఉందామ్మా?” అన్నాడతను. “ఉంది గానీ పనిలేదు” అని చెవి కూడా తక్కెట్లో వేసి, వచ్చిన ఉల్లిపాయలు చెంగున పోసుకుంది. నా ఖరీదు నాలుగు ఉల్లిపాయలు, లివరుకు ఒకటి చొప్పున. బతుకంతా మోసిన అబద్ధం తక్కెట్లో మాత్రం చెల్లలేదు.

బండి కదిలింది. గోనెసంచీ చిరుగులోంచి ఆఖరిసారి ఆ గది కనిపించింది. తలుపు బార్లా తెరిచి ఉంది. ఇంట్లో ఎవరూ లేరు. సలోమి అరుగు మీద కూర్చుని ఉల్లిపాయలు ఒలుస్తూ, తల కూడా ఎత్తకుండా కాలవ వైపు ఒక కేక వేసింది.

“రూతూ, దీపాలు పెట్టేలోపు వచ్చెయ్యి.”