పది లక్షల ఒకటి

మా స్కూలు కరస్పాండెంటు దొరబాబుగారు రావులపాలెంలో అరటి గెలలు అమ్మి, ఆ డబ్బుతో చదువులు అమ్మడానికి దిగారు. గెల చూస్తే ఎన్ని కాయలుంటాయో చెప్పేస్తారు. పిల్లల్ని చూసినా అదే చూపు.

వార్షికోత్సవానికి ఆయనకో ప్రధాన సంఖ్య కావాల్సొచ్చింది. అంటే ఒకటితోనూ తనతోనూ తప్ప మరి దేనితోనూ భాగించలేని సంఖ్య. "మన స్కూలూ అంతేనండి, ఎవడికీ లొంగదు" అన్నారు. సంఖ్య కూడా ఆయనే ఎంచేశారు: 10,00,001.

"ఇదే ఎందుకండీ?" అన్నాను.

"సున్నాతో ముగిస్తే అశుభం కదండీ మాస్టారూ. చదివింపులకి నూరు రాయిస్తామా? నూటపదహార్లు రాయిస్తాం. అందుకే పది లక్షలకి చివర ఒకటి కలిపాను. ఎంత కళగా ఉందో చూడండి!"

కళగా ఉన్నవన్నీ ప్రధాన సంఖ్యలైతే ఇంక లెక్కల మాస్టర్లెందుకు? సరిచూడమని కాగితం నా చేతిలో పెట్టారు. నేను ఎమ్మెస్సీ. రెండుతో మొదలెట్టి, మూడు, అయిదు, ఏడు అంటూ తొంభై ఏడు దాకా భాగించాను. దేనితోనూ పోలేదు. నిజానికి వెయ్యి దాకా చూడాలి. ఎవడు చూస్తాడు? కాఫీ తాగేసి "కరెక్టే" అని సంతకం గీకేశాను.

మర్నాటికల్లా గేటు మీద ఫ్లెక్సీ లేచింది. మధ్యలో ఆ సంఖ్య, పక్కన ఎనిమిదో తరగతి వీరవేణి ఫొటో, కింద 'ప్రధాన సంఖ్యను కనిపెట్టిన బాల మేధావి' అని. వీరవేణి గోదావరిలో వల వేసే బుల్లబ్బాయి కూతురు. ఫ్రీ సీటు పిల్ల కాబట్టి ఏం కనిపెట్టమంటే అది కనిపెడుతుందని దొరబాబుగారి ధీమా.

ఉత్సవం రోజు బుల్లబ్బాయి వేట మానుకుని, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని వచ్చాడు. స్టేజీ మీద కూతురు మైకు పట్టుకుంది.

"ఇది ప్రధాన సంఖ్య కాదండి. నూటొకటితో పోతుందండి. తొమ్మిది వేల తొమ్మిది వందల ఒకటి సార్లు, సరిగ్గా."

నూటొకటి! తొంభై ఏడు తర్వాత వచ్చే ప్రధాన సంఖ్య అదే. నేను బద్ధకించి ఆగిన చోటు నుంచి ఒక్క మెట్టు. మనసులోనే గుణించి చూసుకున్నాను. పిల్ల చెప్పిందే నిజం.

దొరబాబుగారు మైకు లాక్కుని నవ్వారు. "తప్పు లెక్కలు చెప్పేవాళ్ళకి మన స్కూల్లో చోటు లేదండి. మాస్టారూ, మీరు సంతకం పెట్టారు కదా. తప్పు ఎవరిదో చెప్పండి."

"పిల్లదేనండి" అన్నాను.

చప్పట్లు మోగాయి. చదువుకున్నవాళ్ళు కూడా కొట్టారు, వెధవలు. వాళ్ళని తిట్టి ఏం లాభం, అందరికంటే పెద్ద వెధవ కుర్చీలో నేనే కూర్చున్నాను.

అందరూ వెళ్ళిపోతుంటే బుల్లబ్బాయి కూతుర్ని రెక్క పట్టుకుని తీసుకొచ్చి నా ముందు నిలబెట్టాడు. రెండు చేతులూ జోడించాడు.

"చిన్నపిల్లండి, మన్నించండి. సీటు తీసెయ్యకుండా మీరే ఓ మాట చెప్పాలండి. కాస్త దగ్గరుండి దీనికి సరైన లెక్కలు నేర్పించండి మాస్టారూ."

చెప్పుతో కొట్టినా అంత నొప్పి పుట్టేది కాదు. వీరవేణి నా మొహంలోకే చూస్తోంది.

అలాగే, నేర్పిస్తానన్నాను.