నీటి కాగితం

దేవానందం కడిగిన బీకర్లను బోర్లించి, బల్ల తుడిచాడు. నరసరావుపేటలోని ఓ జూనియర్ కాలేజీ ల్యాబ్‌లో ఇరవై తొమ్మిదేళ్లుగా అతను అటెండరు. ఈ సాయంత్రంతో రిటైర్మెంట్. రసాయనాల మరకలకు వేళ్లు పసుపుబారాయి గానీ, కొబ్బరినూనె రాసి దువ్విన తల మాత్రం నిగనిగలాడుతోంది.

ఇవాళ లిపిడ్ల, అంటే కొవ్వుల, ప్రాక్టికల్. ఒక కాగితం మీద నూనె చుక్క, ఇంకోదాని మీద నీటి చుక్క వేయాలి. ఆరాక నీటి మచ్చ పోతుంది, నూనె మచ్చ ఉండిపోయి, అందులోంచి వెలుగు కనబడుతుంది. పాత లెక్చరర్లు ఈ పరీక్ష అతని చేతే చేయించేవాళ్లు. చివరిసారి కూడా తనే చేయాలని పొద్దుటినుంచీ కాచుకున్నాడు.

"మీరు కూర్చోండి బాబాయ్, నేను చేస్తాలే," అంది సైమా మేడం. ఇక్కడే చదువుకుని, జూన్‌లో ఇక్కడికే లెక్చరరై వచ్చిన పిల్ల.

చుక్కలు వేసి పిల్లలకు చెప్పింది. "కణం పొరలోని లిపిడ్‌కి ఒక తల, రెండు తోకలు. తలకేమో నీళ్లతో చుట్టరికం, తోకలకేమో పగ. అందుకే తోకలన్నీ లోపలికి దాక్కుంటాయి."

పిల్లలు చప్పట్లు కొట్టారు. దేవానందం చేతిలోని గుడ్డను బల్లమీద పడేశాడు. ఆ మాట తనది. పదేళ్ల కిందట, ఇదే బల్ల దగ్గర, రెండు జడల సైమాకు తనే చెప్పాడు. అప్పుడు తనకెవరూ చప్పట్లు కొట్టలేదు.

ఆమె బోర్డు వైపు తిరగ్గానే అతను నూనె తల నిమురుకుని, నీటి చుక్క పక్కనే బొటనవేలు గట్టిగా అదిమాడు.

కాసేపటికి ఆమె కాగితాలు రెండూ ఆరాయనుకుని కిటికీ అద్దానికి అంటించింది. రెండింట్లోంచీ వెలుగు వచ్చింది.

"ఏంది మేడం, నీళ్లలో కూడా నూనె ఉంటదా?" అంది వెనక బెంచీ హీనా. అందరూ గొల్లుమన్నారు. దేవానందానికి ప్రాణం చల్లబడినట్టయింది.

సైమా దగ్గరికెళ్లి చూసింది. నీటి కాగితం మీద వేలి గీతలు చక్కగా కనబడుతున్నాయి. ఒక్కసారి దేవానందం తలవైపు చూసి, పిల్లల వైపు తిరిగింది.

"నా చెయ్యి తగిలినట్టుంది, నాదే తప్పు. మళ్లీ చేద్దాం. ఈసారి బాబాయ్ చేస్తారు. ఆ తలా తోకల మాట నాకు చెప్పింది కూడా ఈయనే."

ఇప్పుడు చప్పట్లు అతనికే. ఆమె కొత్త కాగితం చాపింది. అతని చెయ్యి లేవలేదు.

"వద్దులే అమ్మా. కళ్లు చానా మసగ్గా ఉన్నై," అన్నాడు.

ఐదింటికి సబ్బుతో బొటనవేలు రెండుసార్లు కడుక్కుని, తాళాలు బల్లమీద పెట్టి, ఎవరికీ చెప్పకుండా బస్టాండు వైపు నడిచాడు.

కిటికీ అద్దం మీది కాగితంలో నీటి చుక్క ఎప్పుడో ఆరిపోయింది. పక్కనున్న బొటనవేలి ముద్రలోంచి ఇంకా ఎండ పడుతూనే ఉంది.