ధర్మవరం దారిలో పోసిన నీళ్ళు

మాబుసాబ్ మధ్యాహ్నం నమాజు చదువుకొని, అన్నం తిని, పట్టునూలు మూటలు వెనక సీట్లో వేసుకొని తోటలోంచి కారు తీస్తాడు. అది చప్పుడు లేకుండా వచ్చి సోమందేపల్లి రోడ్డు మీద టీ అంగడి ముందు ఆగుతుంది. అంగడి జరీనా బొక్కెన తెచ్చి కారు కింద పెడుతుంది. ఆయన టీ తాగేలోపు బొక్కెన నిండుతుంది. ఆ నీళ్ళతోనే ఆమె గ్లాసులు కడుక్కుంటుంది.

బెంగళూరులో ఎవరో వాడి అమ్మేసిన పెద్ద బండి అది. ప్లగ్గు పెట్టి ఛార్జి చేస్తే కరెంటుతో నడుస్తుంది, లేకపోతే పెట్రోలుతో. పెట్రోలుతో నడిచినప్పుడు అన్ని కార్లలాగే పోతుంది. కరెంటుతో నడిచినప్పుడు మాత్రం కింద నుంచి నీళ్ళు కారతాయి. పెనుకొండలో రైలు గేటు పడితే ఆడవాళ్ళు బిందెలతో వస్తారు. ధర్మవరంలో నేతగాళ్ళకు నూలు దించే వీధిలో, కారు వచ్చిందంటే ముసలివాళ్ళు కాళ్ళు కడుక్కోవడానికి అరుగులు దిగుతారు. బండి అన్నాక దాని గుణం దానిదని ఊరుకున్నారు అందరూ. ఆ నీళ్ళు ఎవరివని మాత్రం ఒక్కరూ అడగలేదు.

అడిగింది ఒక్క మాబుసాబ్ పెళ్ళాం ఖాతూన్‌బీనే. కారు కొన్న మొదటి వారంలో మొగుడు ఇంటికి తెచ్చిన బొక్కెనలోంచి దోసెడు తాగి మొహం చిట్లించింది.

"ఉప్పగా ఉండాయి. పక్క తోట సంజీవప్ప బోరు నీళ్ళు గదా ఇవి?"

"ఏ నీళ్ళయితే ఏముండాదిలే," అన్నాడు మాబుసాబ్.

ఆమె బొక్కెన తీసుకెళ్ళి వీధిలో కుమ్మరించింది. మళ్ళీ ఎప్పుడూ ఆ నీళ్ళు ఇంట్లోకి రానివ్వలేదు. పెళ్ళాం మాట్లాడకపోవడం కంటే తిట్టడమే నయమని ఆయనకు అప్పుడు తెలిసింది.

తెలిసి ఏం లాభం? ఇల్లున్న సందులో కారు పట్టదు. ఊరి బయట తోట ఉంది, తోటలో షెడ్డు ఉంది, షెడ్డులో మోటారు కనెక్షను ఉంది. బోరు ఎండిపోయి ఎనిమిదేళ్ళయినా కనెక్షను బతికే ఉంది. పొలాలకిచ్చే కరెంటు ఊరికే వస్తుంది. స్టార్టరు పెట్టెలోంచి వైరు లాగి, ప్లగ్గు బిగించి, షెడ్డు తలుపు దగ్గరకు వేసుకున్నాడు. ఎండిన బోరుకు వచ్చే కరెంటు వాడుకుంటే ఎవరికి నష్టమని తనకు తానే చెప్పుకున్నాడు. కానీ ఆ ట్రాన్స్‌ఫార్మరు మీద ఉన్నవి రెండే కనెక్షన్లు. రెండోది పక్క తోట సంజీవప్పది. కారు ఛార్జి అవుతున్నంతసేపూ సంజీవప్ప బోరు పైపులో నీళ్ళు సన్నబడేవి. అది మాబుసాబ్ కళ్ళారా చూశాడు. చూసి కూడా పొద్దున్నే ప్లగ్గు పెట్టేవాడు.

చైత్రమాసంలో ఒక పొద్దున కారు పూర్తిగా ఛార్జి అయ్యే వేళకు సంజీవప్ప మోటారు కాలిపోయింది.

మామూలప్పుడైతే అదేమంత పెద్ద సంగతి కాదు. కానీ సంజీవప్ప షెడ్డులో పట్టుపురుగులు నాలుగో జ్వరం లేచాయి. అంటే నాలుగోసారి చర్మం వదిలి, ఇక గూళ్ళు కట్టేదాకా రాత్రనకా పగలనకా ఆకు తింటాయి. తోటలో మల్బరీ ఆకు అప్పటికే వడలుతోంది. ట్యాంకర్లు ఊళ్ళకే చాలడం లేదు. రెండు రోజుల్లో తడి పెట్టకపోతే ఆకు ఉండదు, ఆకు లేకపోతే పురుగూ ఉండదు.

"అన్నా, హిందూపురం దాకా మోటారు ఏసకపోవాల. నీ కారు తీస్తావా?" అని సంజీవప్పే వచ్చి అడిగాడు.

మాబుసాబ్ తల ఊపాడు. ఇద్దరూ కలిసి కాలిన మోటారును కారులోకి ఎత్తారు. స్టీరింగు దగ్గర కూర్చొని ఆయన పెట్రోలు మీట నొక్కాడు. కారు కింద చుక్క నీరు కనిపించకూడదని ఆయన భయం.

సోమందేపల్లి దాటాక సంజీవప్ప కిటికీలోంచి కిందికి వంగి చూశాడు. "ఈపొద్దు నీళ్ళు కారలేదే?"

"పెట్రోలుతో పోతాండాం."

"మా కోసరం పెట్రోలు కాలుస్తాండావా అన్నా! నీకెందుకన్నా అంత కర్మ?"

ఆ మాటకు మాబుసాబ్ ఏసీ పెంచాడు, తగ్గించాడు, మళ్ళీ పెంచాడు.

హిందూపురంలో మెకానిక్కు మోటారు విప్పి, నల్లబడిన తీగలు చూపించాడు. "ఓల్టేజీ సాలక కాలింది. మీ లైన్లో ఎవురో మోటారు గాక ఇంగేందో లాగుతాండారు. మూడు దినాలు పడుతాది."

"మా లైన్లో ఉండేది నేనూ, ఈ అన్నే," అన్నాడు సంజీవప్ప కోపంగా. "అన్న బోరు ఎండి ఎనిమిదేండ్లాయ. ఆయన మింద నింద ఎయ్యద్దు."

మాబుసాబ్ నేల చూస్తూ నిలబడ్డాడు. తన తరఫున ఎవరూ అంత గట్టిగా మాట్లాడింది లేదు జీవితంలో.

తిరుగుదారిలో సంజీవప్ప పురుగుల గురించే మాట్లాడాడు. తన పెళ్ళాం శంకరమ్మ మూడు వారాలుగా షెడ్డులోనే పడుకుంటోందని, ఈసారి పురుగు బాగా వచ్చిందని, ఇలాంటి పంట వచ్చి నాలుగేళ్ళయిందని. సోమందేపల్లి దగ్గర మాబుసాబ్ ఊళ్ళోకి తిప్పకుండా నేరుగా తోట దారి పట్టాడు. సంజీవప్ప తోట కాలువ గట్టు దగ్గర కారు ఆపాడు.

"సంజీవప్పా, నీ మోటారు కాల్చింది ఈ కారే. షెడ్డులో ప్లగ్గు పెట్టుకున్యా. నీ బోరు నీళ్ళని తెలిసే పెట్టుకున్యా."

మాబుసాబ్ కరెంటు మీట నొక్కాడు. ఇంజను చప్పుడు ఆగిపోయింది. కారును గట్టు వెంబడి మెల్లగా నడిపిస్తే కింద నుంచి ధార కట్టి నీళ్ళు కాలువలో పడ్డాయి. సంజీవప్ప దిగి, కాలువలో వేలు ముంచి నాలుకకు రాసుకున్నాడు. తరువాత గట్టు మీదున్న పార తీసుకొని మొదటి సాలుకు మడవ తెరిచాడు.

కారు ముందుకూ వెనక్కూ పోతూనే ఉంది. సంజీవప్ప ఒక్కో సాలు తడిపి, మట్టి వేసి కట్టి, పక్క సాలుకు నీళ్ళు తిప్పాడు. ముప్పై సాళ్ళలో ఇరవై తడిశాయి. ఇరవై ఒకటో సాలులోకి నీళ్ళు సగం దూరం పోయేసరికి ఛార్జి అయిపోయి, పెట్రోలు ఇంజను తనంతట తానే గుర్రుమంది. ధార ఆగిపోయింది.

"ఇంగ లేదా?"

"లేదు."

"మిగతా నీళ్ళు యాడుండాయి?"

"ధర్మవరం దారి పొడుగునా పోసినా," అన్నాడు మాబుసాబ్. ఏడుపు ఆపుకోలేకపోయాడు.

సంజీవప్ప పార గట్టు మీద పడేసి పురుగుల షెడ్డు వైపు నడిచాడు. మాబుసాబ్ వెనకే వెళ్ళాడు. లోపల పన్నెండు తట్టల్లో పురుగులు ఆకు కొరుకుతున్న చప్పుడు వానలా వినిపిస్తోంది. శంకరమ్మ సంగతంతా విని, బయటికి వచ్చి తడిసిన సాళ్ళను ఒకసారి, ఎండిన సాళ్ళను ఒకసారి చూసి, లోపలికి వెళ్ళింది.

"ఎనిమిది తట్టలకు వస్తాది ఆకు. ఎనిమిదీ గూళ్ళు కడతాయి," అంది. "నాలుగు తీసెయ్యాల. లేకుంటే పన్నెండూ పస్తుండి సస్తాయి."

తీసేసిన పురుగులను గోతిలో పూడ్చాలి. సంజీవప్ప మొదటి తట్ట మీద చెయ్యి వేసి, ఎత్తలేక అలాగే నిలబడిపోయాడు. మూడు వారాలు వాటికి ఆకు కోసి వేసిన చెయ్యి అది.

"నువ్వుండు. నేనెత్తుతా," అన్నాడు మాబుసాబ్.

సంజీవప్ప పక్కకు తప్పుకున్నాడు. అలవాటు లేని మాబుసాబ్ చేతుల్లో తట్ట ఒక పక్కకు ఒరిగింది. పురుగులు తలలు లేపి అటూ ఇటూ ఆకు కోసం వెతుకుతున్నాయి. శంకరమ్మ వచ్చి తట్ట కింద చెయ్యి పెట్టి సరిచేసింది.

"మెల్లగా అన్నా," అంది. "పానం ఉండాది వాటికి."