ఖాకీ అట్టల కింది ముఖాలు

ఆదిలాబాద్‌లో పత్తి మార్కెట్‌కు పోయే దారిలో ఇర్షాద్‌ది పుస్తకాల దుకాణం. నోటుబుక్కులు, గైడ్లు, చాక్‌పీసులు కదిలే సరుకు. కథల పుస్తకాలు నిలిచిపోయే సరుకు. అయినా హైదరాబాద్‌లో కథల పుస్తకాల మూటలు విప్పకుండా తూకం మీద అమ్ముతుంటే, చవకకు ఆశపడి ఒకటి ఎత్తుకొచ్చాడు.

విప్పితే అన్నీ పిల్లల బొమ్మల పుస్తకాలే. అమెరికాలో, ఆఫ్రికా దేశాల్లో ఉండే నల్లజాతి రచయితలు రాసినవి, వాళ్ల చిత్రకారులే బొమ్మలు గీసినవి. మందపు కాగితం, నిండు రంగులు. కానీ ప్రతి అట్ట మీదా నల్లని పిల్లలే. గోడకు తగిలించే చార్టు కొన్నా, తన గిరాకీలు తెల్లటి బుగ్గల పాపనే ఏరుకుంటారు. ఈ ముఖాలు ఎదురుగా పెడితే సరుకు కదలదని లెక్క వేసుకున్నాడు.

బడి పుస్తకాలకు అట్టలు వేసే అలవాటు ఎటూ ఉంది. వీటికీ ఖాకీ అట్టలు వేసి ‘ఇంగ్లీషు కథలు’ అని చీటీలు అంటించమని కూతురు యుమ్నాకు చెప్పాడు. ఐదో తరగతి పిల్ల, తండ్రిలాగే నలుపు. బడి వార్షికోత్సవంలో ఎప్పుడూ వెనక వరసలోనే నిలబెడుతున్నారని ఈసారి పేరే ఇవ్వలేదు. ఇర్షాద్ ఎంత నచ్చచెప్పినా వినలేదు.

ఖాకీ కట్టల్ని ఒక్క పిల్లాడూ ముట్టలేదు.

ఒక సాయంత్రం మనోరమ చాక్‌పీసులకు వచ్చింది. యుమ్నా బడికి కొత్తగా వచ్చిన టీచర్. లోపల యుమ్నా తలకు నానమ్మ నసీమా నూనె రాస్తుంటే, ఆ పిల్ల అట్ట వేయకుండా దాచుకున్న పుస్తకంలోని కథను ఆమెకు ఉర్దూలో చెబుతోంది. అదీ ఒక నానమ్మ మనవరాలికి జడలు అల్లే కథే. మనోరమ చాక్‌పీసుల మాట మరిచి విన్నది. ఇంకా ఉన్నాయా అని అడిగితే ఇర్షాద్ కట్ట తీశాడు. ఆమె ఒక అట్ట ఊడదీసి నవ్వింది.

“ఇర్షాద్ భాయ్, బస్తా మూతి విప్పకుంట పత్తి అమ్మితే నువ్వు కొంటవా?”

“పత్తి తెల్లగుంటది గద మేడం.”

యుమ్నా తల తిప్పి తండ్రిని చూసింది. “అబ్బాజాన్, గీ పిల్ల ముఖం ఎందుకు దాస్తున్నవ్? నా లెక్కనే ఉన్నది గదా.”

ఇర్షాద్ కట్ట ముందు కూర్చుని ఒక్కొక్క అట్టా తనే ఊడదీశాడు.

శనివారం ఇర్షాద్ ఆ పుస్తకాలు అమ్ముకునేందుకు మనోరమ బడి వరండాలో బల్ల వేయించింది; పిల్లలతో పాటు తల్లిదండ్రులూ వచ్చారు. ప్రతి పుస్తకం వెనక ఉన్న ఫొటో చూపించి, రాసిందెవరో, గీసిందెవరో పిల్లలకు చెప్పింది. జడల కథ ఎవరు చదువుతారని అడిగితే యుమ్నా లేచింది. ఇర్షాద్ గిరాకీలను వదిలేసి కూతురినే చూస్తూ ఉండిపోయాడు. మొదట ఒకటి రెండు మాటల దగ్గర ఆగింది, తరువాత గడగడా చదివేసింది. అన్నీ నల్లటోళ్ల బొమ్మలేంటని ఒక తండ్రి గొణిగాడు.

“మనింట్ల ఉన్నోళ్లే గద సార్. జర పుస్తకం లోపల చూడుండ్రి,” అన్నాడు ఇర్షాద్.

బల్ల ఖాళీ కాలేదు. సగం సరుకు తిరిగి కట్టుకోవాల్సి వచ్చింది. బండి మీద వెనక కూర్చున్న యుమ్నా మాత్రం, వార్షికోత్సవానికి పేరు ఇచ్చి వచ్చానని చెప్పింది.

దుకాణానికి రాగానే ఇర్షాద్ జడల పుస్తకం తీసి వెనక్కి తిప్పాడు. రాసినామె ఫొటోలో నవ్వుతోంది. పేరు నోరు తిరగక కూతురితో చదివించుకుని, సరిగా పలికే దాకా తనూ అన్నాడు. ఆ పుస్తకాన్ని బోణీ డబ్బులా కళ్లకద్దుకుని, ధర చీటీ పీకేసి, గల్లాపెట్టె పైన ముఖం కనబడేలా నిలబెట్టాడు.